గోదావరి గట్టు కబుర్లు: డబ్బిచ్చి నడిచిన నడక

డబ్బిచ్చి తినడం నాకు తెలుసు. డబ్బిచ్చి బండెక్కడం తెలుసు. డబ్బిచ్చి నడవడమన్నది మాత్రం అరవయ్యెనిమిదో యేట, మొన్న సంక్రాంతి వెళ్లిన వారానికి, హైదరాబాదులో మా మనమరాలు నేర్పింది.

సంగతేమిటంటే, పట్నంలో ఇప్పుడు "ఫుడ్ వాక్" అని ఒక వేడుక బయలుదేరింది. మనం తిండి నడక అనుకుందాం. ముందుగా రుసుము కట్టాలి. చెప్పిన వేళకు చెప్పినచోట పదిమందీ చేరాలి. ఊరి గుట్టుమట్లు తెలిసిన కుర్రవాడొకడు వచ్చి మనల్ని సందులన్నీ త్రిప్పుతాడు. మలుపు మలుపునా ఏదో ఒకటి తినిపించి, అది ఏ దేశపువాళ్ల వంటో, వాళ్లు ఈ ఊరికి ఎందుకు వచ్చారో చెబుతాడు. న్యూయార్కులో పూర్వం యూదులూ, ఇటలీవాళ్లూ, చైనావాళ్లూ ఓడలు దిగి కాపురాలు పెట్టిన పేటలలో ఇలాంటి నడకలు జరుగుతూనే ఉన్నాయట. మన పాతబస్తీకి మాత్రం ఏం తక్కువ?

"తాతయ్యా, పొద్దున్నే ఏమీ తినకుండా రా" అని ముందురోజే హెచ్చరించింది మనమరాలు.

"తినడానికి డబ్బు కట్టి, తినకుండా రావడమేమిటే?" అన్నాను.

"నడకలో తినాలి గదా!"

మా రోజుల్లో నడిస్తే ఆకలి ఉచితంగా వచ్చేది. సరే, కాలంతోపాటు మనమూ నడవాలి గదా అని బయలుదేరాను.

చార్మినారు ముందు మమ్మల్ని కలుసుకున్న కుర్రవాడికి పాతికేళ్లుంటాయి. మెడలో గుర్తింపుకార్డు, నోట్లో మూడు భాషలు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఈ ఊరికి పునాది వేసిన కథతో మొదలుపెట్టి మమ్మల్ని తిన్నగా టీకొట్టుకు నడిపించాడు. నేను తెనాలి ప్రాంతంవాణ్ణి. కాఫీ తప్ప మరొకటి పానీయమని ఒప్పుకోని ఇంట్లో పెరిగాను. అయినా ఇరానీ చాయ్ కాచే తీరు చూసి ముచ్చటపడ్డాను. ఒక పాత్రలో టీ ఆకు వేసిన నీళ్లు, మూత బిగించి, సన్నని సెగమీద మగ్గుతూ ఉంటాయి. వేరే పాత్రలో పాలు కాగి కాగి చిక్కబడుతూ ఉంటాయి. ఆ రెండింటికీ మొదటి పరిచయం కప్పులోనే. తోడుగా ఉస్మానియా బిస్కట్టు. కాస్త తీపి, కాస్త ఉప్పు. చివరి నిజాము ఉస్మాన్ అలీఖాన్ పేరే దానికి పెట్టారంటారు. ఇరానులోని యజ్ద్ వంటి ఊళ్లనుంచి పంతొమ్మిదో శతాబ్దం చివరా, ఇరవయ్యో శతాబ్దం మొదటా బొంబాయి మీదుగా దిగివచ్చినవాళ్లు ఈ చాయ్ హోటళ్లు పెట్టారు.

అక్కడినుంచి నాలుగు మూలల నాన్‌రొట్టె. భట్టీ లోపలి గోడకు పిండి అంటించి కాల్చి, పొడుగాటి ఊచతో లాగుతారు. 1851లో పురానీ హవేలీ దగ్గర ఒక మున్షీగారు, అంటే దఫ్తరు గుమాస్తా, ఆ వ్యాపారానికి శ్రీకారం చుట్టారని కుర్రవాడు చెప్పాడు. నేనూ పాతికేళ్లకు పైగా స్టోర్సు గుమాస్తాగా ఉన్నవాణ్ణే. నాకు ఆ తెలివి రాలేదు.

ఆ తరువాత ఆటోలెక్కి చాంద్రాయణగుట్ట దాటి బార్కస్ వెళ్లాం. ఈ పేట కథ నన్ను పట్టుకుంది. బ్యారక్స్ అన్న ఇంగ్లీషు మాట జనం నోట నలిగి బార్కస్ అయింది. అరేబియా దక్షిణపు కొసన, యెమెన్‌లో హద్రమౌత్ అనే ప్రాంతం ఉంది. ఎండా, రాళ్లూ తప్ప పెద్దగా పంటల్లేని సీమ. అక్కడి మగవాళ్లు కత్తి పట్టుకుని కూటికోసం ఓడలెక్కి నిజాము కొలువుకు వచ్చారు. నమ్మకానికి పెట్టింది పేరని నిజాము వాళ్లను కావలి దళాలలో పెట్టుకున్నాడు. వాళ్లలో జమాదారైన ఒకాయన ఇక్కడ గడించిన సొమ్ముతో వాళ్ల వంశం స్వదేశంలో సుల్తానుల గద్దె ఎక్కింది. ముకల్లా రేవును ఏలిన ఖుయైతీ సుల్తానులు వాళ్లే. మిగిలినవాళ్లు ఇక్కడే ఉండిపోయారు. 1948 సెప్టెంబరులో నిజాము రాజ్యం పోయింది. సైన్యమూ పోయింది, జీతాలూ పోయాయి. మిగిలినవి నడుముకు చుట్టిన లుంగీ, పెరట్లో జామచెట్టు, పొయ్యిమీద హరీస్ డేగిసా.

హరీస్ అంటే గోధుమలూ మాంసమూ కలిపి, రెండూ గుర్తుపట్టలేనంతగా ఉడికించి ఎనిపిన ముద్ద. అందులో తీపిదీ ఉంది, ఉప్పుదీ ఉంది. మేము రెండూ తిన్నాం. హైదరాబాదు హలీముకు ఇదే పెద్దమ్మ. ఆ హలీముకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చూశారా చిత్రం! కూటికోసం వచ్చినవాడి వంట చివరకు ఆ ఊరికే చిరునామా అయి కూర్చుంది. నేల గుంతలో మాంసమూ బియ్యమూ మగ్గబెట్టే మండి కూడా వాళ్ల దేశానిదే. ఇప్పుడు ఖమ్మంలో సైతం మండి బోర్డులు చూస్తున్నాం.

తిరుగుదారిలో మొజంజాహీ మార్కెట్టు దగ్గర దిగాం. దేశవిభజనలో సింధు వదిలిపెట్టి వచ్చిన ఒకాయన 1953లో అక్కడ రొట్టెల దుకాణం పెట్టి, దానికి కరాచీ బేకరీ అని పేరు పెట్టుకున్నాడు. ఇల్లు పోయింది, ఊరు పోయింది. ఊరి పేరు మాత్రం బోర్డు మీదికెక్కింది. పళ్లముక్కల బిస్కట్టు కొరుకుతూ ఆ బోర్డువంక చాలాసేపు చూశాను. తెనాలినుంచి వచ్చిన నేను మా ఊరి పేరు ఎక్కడ వ్రాసుకున్నాను? ఆవకాయ జాడీమీద తప్ప!

అలాగని ఆవకాయ మనదేనని గట్టిగా అనడానికీ వీల్లేదు. అందులోని మిరపకాయ అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన రేవులకు చేరింది. గుంటూరు కారమంటూ మేము మీసం మెలివేసేది ఒక వలసకాయను చూసుకుని!

నడక ముగిసి అందరూ కుర్రవాడికి కృతజ్ఞతలు చెబుతుండగా నాకొక చిలిపి ప్రశ్న తోచింది.

"అంతా బాగుంది నాయనా. ఇరానువాళ్లు వచ్చారు, అరబ్బులు వచ్చారు, సింధువాళ్లు వచ్చారు. వీళ్లంతా వచ్చేసరికి ఇక్కడ ఉన్నవాళ్లు ఏం తినేవారో అది చూపించలేదేం?"

కుర్రవాడు నవ్వాడు. "జొన్నరొట్టె, అంబలి, పచ్చిపులుసు సార్. మా ఊళ్లో మా అమ్మ చేస్తుంది. టూరులో లేదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు రెండు నెలల తరువాత బాకీ తీర్చుకోవలసివస్తుందని అప్పుడు తెలియదు.

శ్రీరామనవమికి మనమరాలు సారపాక వచ్చింది. మా ఊరి పేరు చెబితే పట్నంవాళ్లు "సారా పాకా?" అని కన్ను గీటుతారు. పాఠకులు అలా అనుకోకండి. భద్రాచలం రాముడిగుడికి గోదావరి ఇవతలి గట్టున ఉన్న ఊరు మాది. గోలకొండ తానీషా కొలువులో పాల్వంచ పరగణా తహసీల్దారైన కంచెర్ల గోపన్న ఆ గుడి కట్టించి చెరసాల పాలైననాటినుంచీ పట్నానికీ మా గోదావరికీ బంధుత్వం ఉన్నది.

నిజాము రాజ్యం చివరి రోజులలో ఈ గట్టు నిజాముది, ఆ గట్టు మద్రాసుది. రాముణ్ణి చూడాలంటే పడవెక్కి పరరాజ్యం పోవాలన్నమాట. 1959లో గాని భద్రాచలం తూర్పుగోదావరి జిల్లానుంచి ఖమ్మం జిల్లాలోకి రాలేదు. 1965లో రాష్ట్రపతి రాధాకృష్ణన్ పండితుడి చేతులమీదుగా వంతెన తెరిచారు. 1979లో సారపాకలో కాగితపు మిల్లు నడక మొదలైంది. అట్టపెట్టెల అట్టా, కాగితమూ చేసే ఆ మిల్లే నేడు ఐటీసీది. ఆ సంవత్సరమే ఒక పరుపుచుట్టా, ఒక ఆవకాయ జాడీ పట్టుకుని నేనూ బస్సు దిగాను.

"అంటే నువ్వూ బార్కస్ మనిషివే తాతయ్యా" అంది మనమరాలు. "మరి మీ ఊరి తిండి నడక ఎప్పుడు?"

నాకు పౌరుషం వచ్చింది. మర్నాడు పొద్దున్నే తలకు తువ్వాలు చుట్టి, నేనే గైడునై బయలుదేరాను. రుసుము లేదు.

మొదటి మజిలీ మెయిన్ రోడ్డు మీద రాజమండ్రినుంచి వచ్చినామె పెసరట్టు బండి. అల్లప్పచ్చడి నాలుకమీద పెడితే గోదావరి దిగువన ఎక్కడో ఉన్న ఊరు ఎదురువస్తుంది. రెండో మజిలీ మలయాళీ టీకొట్టు. అరటిపండు పిండిలో ముంచి వేయించి పెట్టాడు. టీని ఇంత ఎత్తునుంచి పోస్తాడు, ఒక్క చుక్క క్రిందపడదు. మూడోది రాజస్థాన్‌వాళ్ల మిఠాయి దుకాణం. పొద్దున పూట కచోరీ, వేడి జిలేబీ. ఈ దుకాణదారు పిల్లలు నాకంటే చక్కని తెలుగు మాట్లాడతారు.

నాలుగోది దుకాణం కాదు. మిల్లులో కొత్త నిర్మాణం జరిగినప్పుడల్లా బీహారునుంచీ, ఒడిషానుంచీ, జార్ఖండునుంచీ పనివాళ్లు వస్తుంటారు. ఒక్కో గదిలో ఆరుగురు ఉంటారు. రాత్రి పని దిగి వచ్చినవాళ్లు గది ముందు నిప్పులమీద లిట్టీలు కాలుస్తున్నారు. గోధుమపిండి ఉండలో వేయించిన శనగల పిండి కూరి, బొగ్గులమీద దొర్లించి, కాల్చిన వంకాయ పచ్చడితో తింటారు. లోపలి పిండిని వాళ్లు సత్తు అంటారు. మా పక్కింటావిడ సద్దుల బతుకమ్మకు చేసే సత్తుపిండి నాకు గుర్తుకొచ్చింది. ఆ మాట పాట్నాకూ పాల్వంచకూ ఒకటే. మమ్మల్ని చూసి వాళ్లు చాప దులిపి వేశారు. తమకున్న ఎనిమిదింటిలో రెండు మా చేతిలో పెట్టారు. వద్దన్నా వినలేదు.

ఐదోది మిరపచేల దారిన. ఏటా కోతలకు ఛత్తీస్‌గఢ్‌నుంచి కూలివాళ్లు కుటుంబాలతో వస్తారు. 2005లో సల్వాజుడుం గొడవలు మొదలైన తరువాత, అక్కడ ఉండలేక అడవి దాటి వచ్చి ఈ చుట్టుపక్కలే గుడిసెలు వేసుకున్న గుత్తికోయలు కూడా ఉన్నారు. వాళ్లెక్కిన ఓడ లేదు, బస్సు లేదు. కాళ్లే. ఒక ఇల్లాలు ఆకుదొప్పలో ఎర్రచీమల పచ్చడి చూపించింది. మనమరాలు ధైర్యంచేసి వేలితో నాకింది. "నిమ్మకాయ, తాతయ్యా! అచ్చం నిమ్మకాయ!" అని గంతులేసింది. నేను గైడును గదా, రుచి చూడడం గైడు పని కాదని తప్పించుకున్నాను.

తిరిగివస్తూ నదిగట్టున కూర్చున్నాం. నాకు గర్వంగా ఉంది. ఇంత చిన్న ఊళ్లో ఇన్ని రాష్ట్రాలు! అప్పుడు అడిగింది మనమరాలు, నేను పట్నంలో కుర్రవాణ్ణి అడిగిన ప్రశ్నే:

"ముందునుంచీ ఇక్కడ ఉన్నవాళ్ల వంట ఏది తాతయ్యా?"

నేను నోరు తెరిచాను. మాట రాలేదు.

ఇక్కడ ముందునుంచీ ఉన్నవాళ్లు కోయవాళ్లు. నలభైయారేళ్లుగా వాళ్లమధ్య ఉన్నాను. వాళ్లు అమ్మిన చింతపండుతో పులుసు కాచుకున్నాను. వాళ్లు కుట్టిన అడ్డాకు విస్తట్లో పెళ్లిభోజనాలు తిన్నాను. వాళ్ల వంట మాత్రం ఒక్కనాడు తినలేదు. ఎందుకు తినలేదో చెప్పాలంటే నేను దాచుకున్న సంగతి ఒకటి బయటపెట్టాలి.

అది 1981. ఉగాది వెళ్లి వారమైంది. మా ఇంటికి విస్తళ్లూ కుంకుడుకాయలూ తెచ్చే కోయ ఆవిడ ఒకామె ఉండేది. అప్పటికి ముప్పయ్యేళ్ల మనిషి. పసిబిడ్డను వీపున కట్టుకుని గూడెంనుంచి నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చేది. ఆరోజు ఎండగా ఉందని మా ఆవిడ జాలిపడి అన్నంలో మామిడికాయ పప్పు వేసి పెట్టింది. ఆమె కంచం చూసి చేతులు వెనక్కు తీసుకుంది.

"మాకింకా కొత్తలు కాలేదమ్మా" అంది.

మాకు అర్థంకాలేదు. మా ఆవిడ చిన్నబుచ్చుకుంది. "ఎండలో వచ్చిందని పెడితే మన అన్నం పనికిరాలేదట" అని రెండురోజులు సణిగింది. ఆమె వెళ్తూ వెళ్తూ గుమ్మందగ్గర ఆగి, "పై వారం మా గూడెంలో మామిడి కొత్తలు. మీరిద్దరూ రాండి బాబూ, మా ఇంట్ల తిందురు" అంది.

నేను "చూద్దాం" అన్నాను.

ఈ "చూద్దాం" అన్న మాట ఎంత సుఖమైనదో ఉద్యోగస్థులకు తెలుస్తుంది. కాదన్న పాపమూ అంటదు, వెళ్లవలసిన శ్రమా ఉండదు. మరుసటి యేడూ పిలిచింది. చూద్దామన్నాను. ఆపై యేడూ పిలిచింది. చూద్దామన్నాను. నాలుగో యేడో అయిదో యేడో మరి పిలవడం మానేసింది. విస్తళ్లు మాత్రం తెస్తూనే వచ్చింది. కాగితపు విస్తళ్లు వచ్చాక ఆమె రావడమూ తగ్గింది. అట్ట చేసే మిల్లులో జీతం తీసుకున్న నేను, ఆమె విస్తరి ఎందుకు అమ్ముడుపోవడంలేదో ఆలోచించలేదు.

ఇదంతా విని మనమరాలు ఏమీ అనలేదు. లేచి చీర దులుపుకుని, "గూడెం ఎటు?" అంది.

వెళ్లాం. దారి నాకు సరిగ్గా తెలియదు. నలభైయారేళ్ల కాపురస్థుణ్ణి, మేకలు కాచే పిల్లవాణ్ణి అడుగుతూ వెళ్లాను. మామిడిచెట్టు క్రింద మట్టితో అలికిన వాకిలి. చాపమీద ఇప్పపూలు ఎండబోసి ఉన్నాయి. ఫాల్గుణ చైత్రాలలో తెల్లవారుజామున రాలే పూలవి. చెట్టు క్రింద నేల ముందే శుభ్రంచేసి ఉంచుకుని, చీకటితో వెళ్లి ఏరుకొస్తారు. వాటి ప్రక్కన ఒక ముసలామె కూర్చుని పుల్లలు ఏరుతోంది. తల పూర్తిగా నెరిసింది. నన్ను చూసి చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుంది.

"మిల్లు బాబువా?"

"అవునమ్మా."

ఒక్క నిమిషం నన్ను ఎగాదిగా చూసింది. "ఏం బాబూ, నలబయ్యేండ్లకు ఆకలయిందా?"

మనమరాలు పకపకా నవ్వింది. ముసలామె కూడా నవ్వింది. నేను మాత్రం చెప్పులు విడిచే మిషమీద తలవంచుకున్నాను.

ఆ ఇంట్లో మేము ఏం తిన్నామో వ్రాస్తాను. సొరకాయ ఎండబెట్టి గుల్లచేసిన బుర్రలోంచి జొన్నజావ పోసింది. పులిసిన జావ. ఎండన పడివచ్చిన గొంతుకు అంత చల్లనిది మరొకటి ఉండదు. నంజుకోవడానికి ఉల్లిపాయ, మిరపకాయ. ఆపైన అన్నం, దాంట్లోకి ఒక పులుసుకూర. ముక్క నమిలితే కాస్త పీచుగా, కాస్త వగరుగా ఉంది.

"ఏమిటమ్మా ఇది?"

"వెదురు కొమ్ములు. వానల్ల తెచ్చి ఎండబెట్టినయి."

ముద్ద నా గొంతులో కాసేపు ఆగింది. మిల్లు తొలిరోజులలో లారీలకు లారీలు వెదురు వచ్చేది. సుబాబులూ, జామాయిలూ పెరిగి చేలనుంచి రావడం తరువాతి సంగతి. ఆ వెదురు లెక్కలు టన్నుల్లో వ్రాసినవాణ్ణి నేను. ఏ అడవినుంచి ఎంత వచ్చిందో, తేమ ఎంత తీసివేయాలో, అణాపైసలతో చెప్పగలను. దాని మొలకను వానాకాలంలో మనుషులు కూర వండుకుంటారన్న సంగతి మాత్రం నా లెక్కల పుస్తకంలో లేదు.

చివర అడ్డాకు దొప్పలో ఒక నల్లని ముద్ద పెట్టింది. ఇప్పపూలు దోరగా వేయించి, నువ్వులతో దంచినది. ఎండుద్రాక్షలాంటి తీపి, వెనక చిన్న పొగవాసన. ఇప్పపువ్వనగానే మనకు సారా ఒక్కటే గుర్తుకువస్తుంది. అది ఆకలి తీర్చే పువ్వని ఆ దొప్ప చెప్పింది.

తిని చేతులు కడుక్కున్నాక మనమరాలు పైకి చూసింది. చెట్టునిండా కాయలు. ఒకటి రాలి వాకిట్లో పడి ఉంటే వంగి తీయబోయింది. ముసలామె చటుక్కున చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు తినగూడదు బిడ్డా. కొత్తలు కాలే."

నలభై నాలుగేళ్ల క్రితం మా గుమ్మంలో విన్న మాట! ఈసారి అర్థం అడిగే బుద్ధి నాకు పుట్టింది. ఆమె చెప్పింది. కొత్త కాయ, కొత్త గింజ ఏదైనా ముందు వేల్పులకూ, పోయిన పెద్దలకూ పెట్టాలి. పూజారీ పెద్దలూ రోజు చెబుతారు. ఆరోజున గూడెమంతా కలిసి మొదలుపెడతారు. అంతదాకా ఎవరి పెరట్లో కాసినా ఎవరూ తినరు. మామిడికీ అంతే, చిక్కుడుకూ అంతే. విత్తనాలు చల్లేముందు వాటికీ పండుగ ఉంది. ఊరంతా ఒకేనాడు మొదలుపెట్టడంవల్ల కాయ ముదిరేదాకా చెట్టుకు ఊపిరి దొరుకుతుందని నాకు తోచింది. ఆనాడు ఆమె కాదన్నది మా అన్నాన్ని కాదు. తన పెద్దలకంటే ముందు తాను తినడాన్ని.

ఆ మాటకొస్తే మా అమ్మ కూడా ఉగాది పచ్చడి దేవుడికి పెట్టనిదే వేపపువ్వూ మామిడిముక్కా మా నోట పడనిచ్చేది కాదు. అది మాకు ఆచారం. ఆమె చేస్తే మాకు పొగరులా కనపడింది.

లేచేటప్పుడు మనమరాలు సంచీలోంచి డబ్బు తీసింది. పట్నం అలవాటు. నడక అయ్యాక ఇవ్వాలి గదా! ముసలామె ఆ చేతిని నెమ్మదిగా వెనక్కు త్రోసింది.

"అమ్మేదయితే సంతకు తెద్దును బిడ్డా. ఇది ఇల్లు."

పాఠకులు నన్ను అపార్థం చేసుకోవద్దు. వంట అమ్మకానికి పెట్టడం తప్పని నేననను. మారేడుమిల్లి దారిలో బొంగులో చికెన్ కాల్చి అమ్మి నాలుగు డబ్బులు కళ్లచూస్తున్నవాళ్లున్నారు. భద్రాచలం ప్రాంతపు ఆడవాళ్లు చిరుధాన్యాల బిస్కట్లు చేసి దూరదేశాలకు పంపుతున్నారు. అవి పెరగాలి. బార్కస్ హరీసూ, కరాచీ బిస్కట్టూ అలా బతికినవే. పరాయి ఊరు వచ్చినవాడికి అమ్మడానికి మొదట దొరికేది వాళ్లమ్మ వంటే. కనుక వచ్చినవాడి వంట వీధిలో ఉంటుంది. డబ్బిస్తే పెడతారు. ఉన్నవాళ్ల వంట ఇంట్లో ఉంటుంది. అది పిలిస్తే వెళ్లి తినేది. పిలిచినప్పుడు వెళ్లకపోతే ఎంత డబ్బిచ్చి నడిచినా ఆ మజిలీ రాదు.

వాకిలి దాటుతుంటే వెనకనుంచి పిలిచింది.

"బాబూ, పై వారం కొత్తలు. వస్తవా?"

అలవాటుకొద్దీ నా పెదవి "చూ" అన్నంతవరకూ వచ్చింది. మనమరాలి మోచెయ్యి నా డొక్కలో తగిలింది.

"వస్తామమ్మా" అన్నాను. "ఇద్దరమూ వస్తాం."

ఇంటికి వచ్చి జరిగినదంతా మా ఆవిడకు చెప్పాను. వింటూ వింటూ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఉంది. ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రం బజారునుంచి లేత మామిడికాయలు తెచ్చి, రేపు పప్పు చేయమన్నాను. కాయలు సంచీతో సహా తీసుకువెళ్లి అటకమీద పెట్టింది.

"అదేమిటి?" అన్నాను.

"కొత్తలు కానీయండి" అంది మా ఆవిడ.